రెండంగుళాలు అతికించిన టేపు

మా అత్తయ్య జీవితంలో ఎవరికీ ఏ మాటా సూటిగా చెప్పలేదు. అబద్ధాలకోరని కాదు. ప్రతి మనసుకూ ఎక్కడో ఓ పక్క తలుపు ఉంటుందని, వెళ్తే అందులోంచే వెళ్ళాలని ఆమె సిద్ధాంతం. వీధి గుమ్మం బార్లా తెరిచి, లోపలివాళ్ళు "రావమ్మా" అని పిలుస్తున్నా సరే, ఆమె పెరటి గోడ ఎక్కి దూకే రకం. ఆ గోడ దూకడానికి ఆమె పెట్టుకున్న పేరు సైకాలజీ.

మంచినీళ్ళు కావాలన్నా అడిగేది కాదు. "ఈ గదిలో గాలి కాస్త పొడిగా లేదూ?" అనేది. మేం లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చేవాళ్ళం. "చూశావా, నేను అడగలేదు. నీకే తోచింది!" అని మురిసిపోయేది. మాకేమీ తోచలేదు. గాలి పొడిగా ఉందంటే దాహమేస్తోందని ఇంటిల్లిపాదికీ ఎప్పుడో తెలిసిపోయింది, అంతే. ఆ మాట మాత్రం ఆమెతో ఎవరూ అనలేదు. అంత ఆనందాన్ని ఎవరు చెడగొడతారు?

అత్తయ్యది బట్టలు కుట్టే దుకాణం. మా వీధి మలుపులో, మేడ మెట్ల కింద, పొడుగాటి గది. ముందు అద్దం, మధ్యలో కత్తిరించే బల్ల, వెనక మూడు మిషన్లు. చదువు పూర్తయ్యాక నాకు వేరే పనేమీ దొరక్క ఆ దుకాణంలోనే కిటికీ పక్కన కూర్చుని కాజాలు కుట్టేదాన్ని. కాజాకీ కాజాకీ మధ్య ఒళ్ళో పుస్తకం తెరుచుకునేదాన్ని. అత్తయ్య చూసీ చూడనట్టు ఊరుకునేది. "చదువుకునే పిల్లని చదవొద్దంటే పని మానేస్తుంది. చదవమంటే చదువు మానేస్తుంది. ఏమీ అనకపోతే రెండూ చేస్తుంది" అని మామయ్యతో అంటుంటే విన్నాను. నిజంగానే రెండూ చేశాను.

ఈ సైకాలజీ ఆమెకు ఒక పాత ఓవర్‌కోటు జేబులో దొరికింది. మరమ్మతుకిచ్చిన మనిషి కోటు తీసుకెళ్ళాడు గాని, జేబులోని పుస్తకం కోసం మళ్ళీ రాలేదు. దానికి అట్ట లేదు, పేరు లేదు. కోపం, భయం, అసూయ, పొగడ్త, ఇక్కడిదాకా పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఆ తరువాత దిగులు అనే అధ్యాయం మొదలైన చోటునుంచి చివరిదాకా పురుగులు తినేశాయి. "వాటికే అవసరం పడిందేమో, పాపం" అనేది అత్తయ్య. ఆ సగం పుస్తకంతోనే వీధి వీధంతా నడిపించింది.

ఆమె మహత్తర ఆవిష్కరణ టేపు. కొలతలు తీసే తెల్ల టేపుకి ఒకటో అంకెకు ముందు అంకెల్లేని రెండంగుళాల ముక్క అతికించి, చివర నీటుగా మడిచి కుట్టేసింది. ఇక ఆ టేపుతో ఎవరి నడుము కొలిచినా రెండంగుళాలు తక్కువే చూపిస్తుంది మరి! ఒళ్ళు చేసిన వాళ్ళకు ఆ టేపు. ఎవరి నడుము చుట్టూ చూసినా పేరుకున్నదాంట్లో సగం దిగులేనని ఆమె నమ్మకం.

బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకావిడ ఏటా తప్పకుండా వచ్చేది. వచ్చేటప్పుడు మెట్లు దిగడానికే మొహమాటపడేది.

"ఎంత వచ్చింది?" అని కళ్ళు మూసుకుని అడిగేది.

"పోయినేటి కొలతే."

"నిజంగానా? మా ఇంట్లోవాళ్ళేమో..."

"ఇంట్లోవాళ్ళకు నోరుంది గాని టేపుందా? ఇదిగో, మీరే చూడండి."

ఆవిడ కళ్ళు తెరిచి, అంకె చూసి, అద్దంలో చూసుకుని, మెడ నిటారుగా పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళేది.  రెండంగుళాల గుడ్డముక్క అతికించి ఒక మనిషిని అంత ఎత్తు పెంచవచ్చునా!

బక్కపలచటి వాళ్ళకోసం ఇంకో టేపు ఉండేది, పచ్చది. దానికి మొదటి రెండంగుళాలూ కత్తెరతో కోసేసింది, ఏది కొలిచినా రెండు ఎక్కువే చూపిస్తుంది. కండ లేదని కుమిలిపోయే కుర్రకారు ఆ టేపు దగ్గర ఛాతీ విరుచుకుని నిలబడేవాళ్ళు.

ఈ రెండు టేపుల మధ్యా నలిగిపోయింది మాత్రం కటింగ్ మాస్టారు. పెద్ద మీసాలు, చిన్న గొంతు. అత్తయ్య అంకె కేకేసినప్పుడల్లా ఆమె చేతిలో ఏ టేపుందో తొంగి చూడాలి. తెల్లదైతే రెండు కలపాలి, పచ్చదైతే రెండు తీసెయ్యాలి, అప్పుడు కత్తెర పట్టాలి.

"మేడంగారూ, నేను బట్టలు కత్తిరించడానికొచ్చానా, కూడికలూ తీసివేతలూ నేర్చుకోవడానికొచ్చానా?"

"మాస్టారూ, మీకున్న జ్ఞాపకశక్తి ఇంకొకరికుంటే నేనీ టేపులు కోసేదాన్నా?"

మాస్టారు మీసం సర్దుకుని మళ్ళీ బల్ల దగ్గరికి పోయేవారు. ఆయన పక్క తలుపు అది.

దుకాణంలో కుర్చీ కూడా సైకాలజీయే. బట్టలు ఆలస్యమయ్యాయని దెబ్బలాటకొచ్చే వాళ్ళ కోసం ఒక మెత్తటి కుర్చీ ఉండేది. కూర్చుంటే నేలదాకా దిగబడిపోతుంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. "కోపం నిలబడ్డ మనిషి సొత్తు. మోకాళ్ళు పైకొచ్చిన వాడికి కోపం ఎలా వస్తుందే?" అనేది. ఒకసారి ఒక వకీలు అరుస్తూ లోపలికొచ్చాడు. అత్తయ్య కుర్చీ చూపించింది. కూర్చున్నాడు, దిగబడ్డాడు, ఆగాడు. "కొంచెం తొందరగా అయితే బావుంటుంది" అన్నాడు బుద్ధిగా. తరువాత అందులోంచి లేవలేక చెయ్యి చాపాడు. అత్తయ్యా, మాస్టారూ చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. అలా పైకి లాగిన వాళ్ళమీద ఇక ఎలా అరుస్తాడు? థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

ఇంట్లో మాత్రం ఆమె సైకాలజీ ఆమె అనుకున్న కారణానికి ఎప్పుడూ పని చెయ్యలేదు. పని చేసేది, కాకపోతే వేరే కారణానికి. మామయ్యకు తడి తువ్వాలు మంచం మీద పడేసే అలవాటు. అత్తయ్య దెబ్బలాడలేదు. మంచం మీదున్న తువ్వాలు చూస్తూనే, "ఎంత బాగా ఆరేశారండీ తీగ మీద! ఒక్క ముడత లేదు" అని రోజూ మెచ్చుకోవడం మొదలుపెట్టింది. పుస్తకంలో పొగడ్త అధ్యాయం ప్రకారం మామయ్య సిగ్గుపడి మారాలి. మామయ్య సిగ్గుపడలేదు, హడలిపోయాడు. గబగబా మా ఇంటికొచ్చి నాన్నను పక్కకు పిలిచాడు.

"బావా, మీ చెల్లెలికి చూపు పోతోందేమోనని అనుమానంగా ఉంది. మంచానికీ తీగకీ తేడా తెలియడం లేదు."

అప్పటినుంచీ, ఆమె తడుముకుంటూ తడి తువ్వాలు మీద కూర్చుంటుందేమోనన్న భయంతో, ఆయనే తీగ మీద ఆరేసేవాడు. "చూశావా!" అంది అత్తయ్య నాతో. చూశాను. ఏం చూశానో మాత్రం చెప్పలేదు.

ఈ సైకాలజీకి ఊళ్ళో ఒకే ఒక్క శత్రువు ఉండేవారు. ఆయన మా నాన్న, అత్తయ్యకు స్వయానా అన్నయ్య. నాన్న భూములు కొలిచే సర్వేయరు. కళ్ళతో చూసింది నమ్మరు, చెవులతో విన్నది అసలే నమ్మరు. కొలిచింది నమ్ముతారు. అమ్మ "కొంచెం ఉప్పు వెయ్యనా?" అంటే "కొంచెం అంటే ఎంత?" అనే మనిషి. ఆయన ఒకరోజు తన స్టీలు టేపు తెచ్చి అత్తయ్య తెల్ల టేపు పక్కన పరిచారు. పరిచి, రెండింటి అంకెలూ మూడుసార్లు సరిచూసుకున్నారు.

"చెల్లాయ్, ఇది నేరం."

"అన్నయ్యా, ఇది ఓదార్పు."

"కొలతకు ఓదార్పేమిటే? కొలత కొలతే. నీ టేపుతో నేను పొలాలు కొలిస్తే జనం తలలు పగలగొట్టుకుంటారు."

"అవునన్నయ్యా, పొలాలకు మనసుండదుగా."

నాన్న స్టీలు టేపు చుట్టుకుని వెళ్ళిపోయారు. చాలా రోజులు దుకాణం గడప తొక్కలేదు.

అలాంటి నాన్నకు జబ్బు చేసింది. విడవని జ్వరం. ఆస్పత్రిలో చాలాకాలం ఉండి ఇంటికొచ్చారు. జ్వరం పోయింది గాని ఆకలి కూడా దానితోపాటే పోయింది. పొద్దున్నే లేచి ఆఫీసు కోటు తొడుక్కునేవారు. నల్లటి దళసరి కోటు, పెన్సిళ్ళ కోసం ఛాతీ మీద వరసగా జేబులు. గుండీలు పెట్టుకుని, అద్దం ముందు నిలబడి, కోటుకీ పొట్టకీ మధ్య పిడికిలి దూర్చి చూసుకునేవారు.

"నిన్న పిడికిలి పట్టింది. ఇవాళ మణికట్టుదాకా పోతోంది" అనేవారు. గొంతులో బాధేమీ ఉండేది కాదు. హద్దురాయి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పేవారు. "తగ్గుతున్నాను. ఈ లెక్కన మిగిలేదేం లేదు. ఇక తిండి దండగ."

డాక్టరు తూకం యంత్రం ఎక్కమంటే, "బరువులు నా శాఖ కాదండీ, నాది కొలత" అని ఎక్కలేదు. డాక్టరు అమ్మనూ నన్నూ వరండాలోకి పిలిచారు.

"జబ్బు వెళ్ళిపోయిందమ్మా. పోతున్నాననే ఆలోచన మాత్రం వెళ్ళలేదు. దానికి నా దగ్గర మాత్ర లేదు. ఈయన ఇలాగే తినడం మానేస్తే మాత్రం, వానలు పడేదాకా ఉండరు."

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పరుగున వెళ్ళి అత్తయ్యకు చెప్పాను. ఆమె చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి, "మీ నాన్నకు పక్క తలుపు ఎక్కడుందో చూద్దాం పద" అంది.

చూసింది. కొట్టింది, తోసింది, తలుపు రాలేదు. ముందు నాన్న ఎదురుగా కూర్చుని లొట్టలేస్తూ భోంచేసింది. నాన్న కుర్చీ అటు తిప్పుకున్నారు. పెద్ద కంచంలో పెడితే తిండి కొంచెంగా కనిపిస్తుందని పెద్ద కంచం తెచ్చింది. నాన్న జేబులోంచి స్కేలు తీసి కంచం అడ్డంగా కొలిచి, "పాతదానికన్నా పెద్దది" అని పక్కకు నెట్టారు. చివరికి బ్రహ్మాస్త్రం వేసింది. "వదినా, ఆ పుడింగు అన్నయ్యకు పెట్టకు, అది చుట్టాల కోసం." వద్దన్నదాని మీదే మనసు పోతుందని పుస్తకంలో ఉందిట.

"సరే" అన్నారు నాన్న, హాయిగా.

ఆ మధ్యాహ్నం అత్తయ్య దుకాణంలో సగం కత్తిరించిన గుడ్డ ముందు కూర్చుని ఉండిపోయింది. ఆమె ఊరికే కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. పుస్తకం తీసి, పురుగులు తిన్న పేజీల చిల్లుల్లోంచి అవతలివైపు చూసింది. "ఏడవలేనే. ఏడిస్తే మాస్టారు భయపడి గుడ్డ వంకరగా కత్తిరిస్తారు" అంది. మాస్టారు అప్పటికే వంకరగా కత్తిరిస్తున్నారు.

కాసేపటికి తల ఎత్తింది.

"మీ నాన్న నా మాట నమ్మడు, డాక్టరు మాట నమ్మడు. దేన్ని నమ్ముతాడు?"

"కోటుని" అన్నాను.

"ఆ కోటు పట్రా."

నాన్న మధ్యాహ్నం భోజనం అయిందనిపించి పడుకుంటే సాయంత్రం కాఫీదాకా లేవరు. నేను కోటు సంచిలో పెట్టుకుని పరిగెత్తాను. అత్తయ్య మిషను మీద కాకుండా చేత్తో, పక్క కుట్లు రెండువైపులా కాస్త లోపలికి పట్టి కుట్టింది. ఇస్త్రీ చేసింది. నాన్న లేచేసరికి కోటు కొక్కేనికి వేలాడుతోంది.

మర్నాడు పొద్దున నాన్న పిడికిలి దూర్చారు. అది ఇరుక్కుంది. మళ్ళీ దూర్చారు. కోటు విప్పారు, తొడుక్కున్నారు, అద్దంవైపు చాలాసేపు చూశారు.

"వింతగా ఉంది" అన్నారు. "తగ్గడం ఆగినట్టుంది." ఆ పూట సూపు సగం తాగారు. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మ భుజం మీద తల పెట్టుకున్నాను. అమ్మకు కోటు సంగతి తెలియదు. అత్తయ్య చెప్పనివ్వలేదు.

ఆ తరువాత అప్పుడప్పుడూ కొంచెం కొంచెంగా పట్టుకుంటూ వచ్చాం. కోటు బిగుతవుతోంది, నాన్న తింటున్నారు. సూపు పూర్తిగా తాగారు. రొట్టె వచ్చింది, గుడ్డు వచ్చింది. బుగ్గల మీద చర్మం కాస్త సర్దుకుంది. అత్తయ్య ఒక మనిషి ప్రాణాన్ని సూదీ దారంతో పట్టి, వెనక్కి లాగుతోంది!

ఎక్కడ ఆపాలో తెలియాలంటే ఒకసారి కొలవాలి అంది అత్తయ్య. నాన్న వాలుకుర్చీలో నిద్రపోతుండగా మెడలోని టేపు తీసి, వీపు వెనకనుంచి మెల్లగా దూర్చి, ఛాతీ చుట్టూ తిప్పింది. నాన్న కదిలి ఒక కన్ను తెరిచారు.

"ఏమిటే?"

"దోమ, అన్నయ్యా."

"చంపావా?"

"కొలిచాను... కొట్టాను, కొట్టాను. పడుకో."

దుకాణానికి పరుగున వచ్చి గుమ్మంలోంచే అంకె కేకేసింది. అప్పుడే ఎవరో పెళ్ళివారి సూట్ల కోసం వస్తే వాళ్ళను అందుకుంది. నేను సంచిలో తెచ్చిన కోటు మాస్టారి చేతిలో పడింది. అత్తయ్య మెడలో ఉన్నది తెల్ల టేపు, అంటే అంకె అప్పటికే రెండంగుళాలు తక్కువ. మాస్టారు టేపు చూడలేదు. జబ్బు మనిషి కదా, బక్కగా ఉంటారు కదా, పచ్చ టేపే అయ్యుంటుందని నమ్మి, అలవాటుగా ఇంకో రెండు తీసేశారు. మొత్తానికి నాలుగంగుళాల నాన్న మాయమైపోయారు.

మర్నాడు అత్తయ్య పొద్దున్నే ఏదో వంకతో మా ఇంటికొచ్చింది. నాన్న కోటు తొడుక్కున్నారు. చేతులు దూరాయి. వీపు దగ్గర ఆగింది. గట్టిగా లాక్కున్నారు. గుండీ దగ్గరికి వచ్చేసరికి కోటు రెండు అంచులూ మొహమొహాలు చూసుకున్నాయి గాని కలవలేదు. అత్తయ్య ముఖం తెల్లబోయింది. ఆమె దగ్గర సైకాలజీ లేకపోవడం మొదటిసారి చూశాను. రాత్రికి రాత్రి నాలుగంగుళాలు పెరిగారంటే సర్వేయరు నాన్న నమ్ముతారా? ఇక కోటు అబద్ధమని తెలిసిపోతుంది. తెలిస్తే మళ్ళీ సూపు దగ్గరికి రారు.

నాన్న మా ఇద్దర్నీ ఒకసారి చూశారు. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, గుండీ పెట్టేసుకున్నారు.

"బాగా... ఒళ్ళు... చేశాను" అన్నారు మాటకో ఊపిరి తీసుకుంటూ.

"చెయ్యరూ మరి? నిన్న రెండు గుడ్లు తిన్నారు!" అంది అమ్మ, ఏమీ తెలియక, సంతోషంగా.

ఆ కోటుతోనే బల్ల దగ్గర కూర్చున్నారు. చేతులు వంగడం లేదు, చెంచా నోటిదాకా రావడానికి మెడే ముందుకు చాపాలి. అయినా తాగారు. అడుగు కనిపించేదాకా తాగారు. చివరి చెంచాకు గుండీ తెగి, ఎగిరి, టప్పున సూపు గిన్నెలో పడింది.

 నాన్న గిన్నెలోకి వంగి చూశారు. భుజాలు కదలడం మొదలైంది. కోటు చిరుగుతున్న చప్పుడు. ఆస్పత్రినుంచి వచ్చాక మొదటిసారి నాన్న నవ్వుతున్నారు, కళ్ళమ్మట నీళ్ళు కారేలా. "ఇక దీన్ని మోయలేను చెల్లాయ్, విప్పు" అన్నారు. అత్తయ్య నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ, కత్తెరతో వీపు కుట్టు విప్పింది.

వానలు వచ్చాయి, పోయాయి. నాన్న ఉన్నారు. పొలాల మీదికి కూడా వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరోజు నడుచుకుంటూ దుకాణానికొచ్చి, తనే కోటు బల్ల మీద పెట్టి, "వదులు చెయ్యాలి" అన్నారు. అత్తయ్య మాస్టారివైపు చూసి, "చూశారా, సైకాలజీ!" అంది. నాన్న గుమ్మం దాటారు. తిరిగి ఇంటికి వస్తుంటే దారిలో నాతో అన్నారు.

"మొదటిరోజే తెలుసు."

నేను ఆగిపోయాను.

"పిడికిలి ఇరుక్కున్నప్పుడే లోపలి అస్తరు గుడ్డ తిప్పి చూశా. నల్లకోటు పక్క కుట్టు పొడుగునా నీలం దారం. ముందు ఒళ్ళు మండిపోయింది, కొలతలో మోసమని. పిలిచి నిలదీద్దామనుకున్నా. అప్పుడు ఆ కుట్టు సరిగ్గా చూశా. ఎంత దగ్గరగా, ఎంత చిన్నగా, చేత్తో వేసిందో! నేనేమో తిండి దండగని లెక్కలేస్తున్నా. అదేమో నన్ను ఎలా ఆపాలా అని సూది పట్టుకుని కూర్చుంది."

"మరి ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"కోటు చెప్పే కొలత తప్పు. దాన్ని సరిచెయ్యాలంటే రెండే దార్లు. కోటు విప్పాలి, లేకపోతే నేను నిండాలి. విప్పితే నా చెల్లెలు ఏడుస్తుంది." కొంచెం దూరం నడిచి, "అందుకని నిండా" అన్నారు.

ఆ మాట కడుపులో దాచుకోలేక మర్నాడు దుకాణంలో, మాస్టారు లేనప్పుడు, అత్తయ్యను అడిగాను. "నల్లకోటుకు నీలం దారం ఎలా వేశావు? కంగారులో చూసుకోలేదా?"

అత్తయ్య సూదిలోకి దారం ఎక్కిస్తూ ఆగింది. "నల్లకోటుకు నీలం దారం వేసేవాళ్ళను ఈ దుకాణంలో ఒక్క పూట ఉంచుతానా?"

"అయితే..."

"కొలిచే మనిషిని కొలతతో ఎవరే మోసం చేసేది? తిప్పి చూస్తాడని తెలుసు. చూడాలనే వేశా. తినమంటే తినడు. బతకమంటే లెక్కలు చెప్తాడు. పిచ్చి చెల్లెలు తనను మోసం చెయ్యడానికి నానా అవస్థా పడుతోందని కనిపిస్తే మాత్రం, అది చిన్నబుచ్చుకోకుండా మోసపోయినట్టు నటిస్తాడు. చిన్నప్పటినుంచీ అంతే. నటించాలంటే తినాలిగా?"

నా చేతిలో కాజా అలాగే ఉండిపోయింది. తరువాత ఎన్నో పుస్తకాలు చదివాను, మనసు గురించి లావుపాటివి, సన్నక్షరాలవి. వాటిలో ఎక్కడా ఇంత దూరం చూసిన మనిషి నాకు ఎదురుపడలేదు.

"ఇది ఆ పుస్తకంలో ఉందా అత్తయ్యా?"

"ఎక్కడిదే? ఆ భాగం పురుగులు తిన్నాయిగా. నేనే కుట్టుకోవాల్సి వచ్చింది."

"మరి మాస్టారి నాలుగంగుళాలు?"

"అది మాత్రం నిజం పొరపాటే. ఆ పూట మీ నాన్న కాదు, నేను పోయేదాన్ని."

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. నాన్న తినడం ఆపలేదు. కోటు వదులు చేస్తూ చేస్తూ లోపల ఇక విప్పడానికి గుడ్డ మిగల్లేదు. డాక్టరు ఈసారి వేరే రకంగా తల ఆడించారు. "కాస్త తగ్గండి" అన్నారు. "తగ్గితే మా చెల్లెలు బెంగ పెట్టుకుంటుందండీ" అన్నారు నాన్న, ఆయన చెవిలో.

ఆ సంగతి అత్తయ్యకు చేరింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మామయ్యను వెంటబెట్టుకుని భోజనానికొచ్చింది. గాలి పొడి గురించి ఏమీ అనలేదు, పెద్ద కంచాలూ చిన్న కంచాలూ తేలేదు. నాన్న రెండోసారి పుడింగు వడ్డించుకోబోతుంటే, చెంచా పట్టుకున్న ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"అన్నయ్యా, చాలు. ఇక తినకు. నువ్వు బతికావు."

 అమ్మ చేతిలో గరిటె గాలిలోనే ఆగింది. మామయ్య నోటిదాకా వచ్చిన రొట్టె కిందికి దించేశాడు. అత్తయ్య సూటిగా మాట్లాడింది! మొదటిసారి, వీధి గుమ్మంలోంచి, తిన్నగా లోపలికి వచ్చేసింది.

నాన్న ఆమె ముఖంలోకి, హద్దు తగాదాలో రాయిని చూసినట్టు, అటునుంచీ ఇటునుంచీ చూశారు. తరువాత నావైపు వంగారు.

"ఏమే, దీని వెనకాల ఏముందంటావు?"

"ఏమీ లేదేమో నాన్నా. నిజంగానే తినొద్దంటోందేమో."

"నీకు తెలియదు. అది ఇంత తిన్నగా మాట్లాడిందంటే లోపల చాలా లోతుంటుంది. తినమనా, వద్దనా?" ఆయన గిన్నెవైపు చూశారు, చెల్లెలివైపు చూశారు, మళ్ళీ గిన్నెవైపు చూశారు. ఎటు మొగ్గినా ఆమె మనసు నొచ్చుకుంటుందేమోనని, చివరికి ఎంతో జాగ్రత్తగా కొలుచుకుని సగం చెంచా వడ్డించుకున్నారు.

అత్తయ్య ముఖం కిటికీవైపు తిప్పేసుకుంది. నవ్వుతోందని వెనకనుంచి భుజాలు చూస్తేనే తెలుస్తోంది.